మా ఫెలిసిటేటర్ మేడం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసుకే అంత తెలివి ఎలా పోగయిందో, ఆ తర్వాత అదంతా ఏ దారిన జారిపోయిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా అంతు చిక్కదు. ఎంబీఏ పట్టా చేతికొచ్చి ఆరు నెలలైంది. మెదక్ పట్టణంలో ఒక టెంట్ హౌస్‌లో మేనేజరు ఉద్యోగం దొరికింది. (టెంట్ హౌస్‌కు మేనేజరేమిటని నవ్వకండి. మా పాపన్నపేటలో ఎవరూ నవ్వలేదు. పొద్దున్నే నన్ను మెదక్‌కు తీసుకొచ్చే షేర్ ఆటో డ్రైవరు మిగతావాళ్లను వెనక కుక్కి, నన్ను మాత్రం తన పక్కన కూర్చోబెట్టుకుని 'మేనేజర్ సాబ్' అని పిలిచేవాడు. ఆ పిలుపు కోసం, వెనకాల ఖాళీ ఆటోలు వస్తున్నా ఎక్కేవాణ్ణి కాదు.) మా నాయన అయితే ఊళ్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కొడుకు ఉద్యోగం గురించి చెప్పేశాడు. అంటే ఆ ఉద్యోగం పోతే ఎంతమందికి జవాబు చెప్పుకోవాలో మీరే ఊహించుకోండి.

టెంట్ హౌస్ ఇద్దరు అన్నదమ్ములది. శంకరంపేట వైపు భూములున్న వ్యవసాయ కుటుంబం. వానలు మొహం చాటేసిన కాలంలో మెదక్ చేరి ఈ వ్యాపారం పెట్టారు. అందరూ అన్నను పెద్ద పటేలనీ, తమ్ముణ్ణి చిన్న పటేలనీ పిలిచేవారు. పెద్ద పటేలు ఆఫీసులో కూర్చుని పెళ్లిళ్ల బుకింగులు రాసుకునేవాడు. లారీలు, మనుషులు, వంటపాత్రలు చిన్న పటేలు చూసుకునేవాడు. వీళ్లిద్దరి మధ్య గోదాములో ఒక తాత ఉండేవాడు. ఆయన అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. అందరికీ గోదాం తాత. చదువు రాదు. కానీ ఏ గంగాళం ఏ ఊళ్లో ఉందో, ఏ కుర్చీ కాలు ఎప్పుడు విరిగిందో అన్నీ నోటికి వచ్చు. నేను చేరేనాటికి అక్కడ ఒక ఆచారం నడుస్తుండేది. రోజూ పొద్దున్నే పెద్ద పటేలు అట్ట చినిగిన పొడవాటి నోటుబుక్కు తెరిచి, ఆ వారం బుకింగులన్నీ పైకి చదివేవాడు. తాత గోదాము గడప మీద కూర్చుని, చుట్ట కాలుస్తూ, "ఊఁ... ఊఁ..." అంటూ వినేవాడు. అరగంట పట్టేది. ఇద్దరు పెద్దమనుషులు రోజూ అరగంట ఇలా పాడుచేసుకోవడం చూసి నా ఎంబీఏ ప్రాణం విలవిల్లాడింది. చేరిన పదో రోజునే నోటుబుక్కును బీరువాలో పెట్టి తాళం వేశాను. బుకింగులన్నీ కంప్యూటర్లో షీటుగా మార్చాను. పేరు, ఊరు, తేదీ, సామాను, నాలుగంటే నాలుగే గడులు. రోజూ సాయంత్రం మర్నాటి జాబితా చిన్న పటేలు ఫోనుకు వాట్సాప్‌లో వెళ్లిపోయేది. అరగంట మిగిలింది. ఆ అరగంటలో నేను నా షీటును చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

నెల తిరగకుండానే గొడవలు మొదలయ్యాయి. కౌడిపల్లిలో ఒక పెళ్లికి మా లారీ వెళ్లేసరికి వేరే టెంట్ హౌస్ వాళ్లు తమ టెంటు విప్పుకుంటున్నారు. పెళ్లి అయిపోయి పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లిపోయింది కూడా. మా కుర్రాళ్లు మూడు వందల కుర్చీలతో వెళ్లి, మిగిలిన లడ్డూలు తిని తిరిగొచ్చారు. పది రోజులకు ఇంకో ఊళ్లో ఇదే కథ. మూడోసారి శంకరంపేటలోనే, అంటే పటేళ్ల సొంత చుట్టాలింట్లోనే జరిగింది. విచిత్రమేమిటంటే అన్ని పెళ్లిళ్లకూ ఇలా కావడం లేదు. పదింటిలో ఏడు చక్కగా జరిగేవి, మూడు తగలబడేవి. అవతలివాళ్లు తిట్టడానికి ఫోన్ చేసేవారు గానీ వివరం చెప్పడానికి కాదు. "బుకింగ్ తీస్కునేటప్పుడు జర లారీలున్నయా లేవా సూసుకోవాలె గదనే!" అని తమ్ముడు అరిచేవాడు. "లారీ పొద్దుగాల ఎల్లాలంటె నువ్వు పొద్దుగాల లెవ్వాలె గద ముందుగాల!" అని అన్న అరిచేవాడు. నేను షీటు తెరిచి చూసేవాణ్ణి. అందులో తేదీ శనివారమని స్పష్టంగా ఉండేది. లారీ శనివారమే వెళ్లింది. కనుక నా తప్పు లేదు. అన్నదమ్ముల మధ్య మాటల్లేకపోవడమే అసలు జబ్బని తేల్చాను. దానికి పేరు కూడా నాకు తెలుసు, కమ్యూనికేషన్ గ్యాప్. జబ్బుకు ఇంగ్లీషు పేరు దొరికితే సగం నయమైనట్టే కదా.

శంకరంపేట చుట్టాల పెళ్లి తర్వాత పెద్ద పటేలు నన్ను పిలిచాడు. కోపంగా లేడు. అందుకే నాకు భయమేసింది. "సూడు పిలగా, నువ్వు రాకముందు గిట్ల గాలె. నువ్వొచ్చినంక గిట్లయితుంది. నీ తప్పని నేనంటలేను. గాని అచ్చే లగ్గాల సీజన్‌ల మల్ల ఒక్క లారీ తప్పిందనుకో, నువ్వు పాపన్నపేట ఆటో ఎక్కుడే. మల్ల ఇటు రాకు" అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆటో డ్రైవరు నన్ను వెనక సీట్లో మేకపిల్లల పక్కన కూర్చోబెట్టినట్టు కళ్లకు కట్టింది. మర్నాడు ఫోన్‌లో ఏవో వీడియోలు చూస్తుంటే దారి దొరికింది. పెద్ద పెద్ద కంపెనీల్లో మనుషుల మధ్య పొరపొచ్చాలు వస్తే ఒక రోజు అందరినీ ఒకచోట చేర్చి వర్క్‌షాప్ పెడతారట. దాన్ని నడపడానికి బయటి నుంచి ఆ పనే వృత్తిగా చేసుకున్న మనిషిని పిలుస్తారట. ఆ మనిషిని ఫెసిలిటేటర్ అంటారట. ఆ మాట నాకూ కొత్తే. రెండుసార్లు అద్దం ముందు పలికి చూసుకుని పటేలు దగ్గరికి వెళ్లాను.

"వర్క్‌షాపా? లారీలు మొన్ననే చేపిచ్చినం గద" అన్నాడు పెద్ద పటేలు. లారీలకు కాదు, మనుషులకు అన్నాను. ఆయన మొహం ముడుచుకుంది. ఇక లాభం లేదనుకుని, "ఫెసిలిటేటర్ అని హైదరాబాద్ కెల్లి ఒక మేడం వస్తది పటేలా. అందర్ని కూసోవెట్టి మాట్లాడిపిస్తది. ఎవల మనసుల ఏమున్నదో బయటవడ్తది" అని గబగబా అనేశాను. ఆయన మొహం విచ్చుకుంది. "ఫెలిసిటేటరా? గట్ల చెప్పు మరి! శాలువా గప్పినంక మాట్లాడకేం జేస్తరు? నెలకు నాలుగు ఫెలిసిటేషన్లకు కుర్చీలేస్తం మనం. తహసీల్దార్ రిటైరైతె మనమే, హెడ్మాస్టర్ రిటైరైతె మనమే. గాని మనోళ్లకు ఎన్నడన్న ఒక్క శాలువా గప్పినమా? మనిషికి ఒక్క శాలువా గప్పుతె ఏడాది దాంక గులుగడు, గొణుగడు. పిల్వు, గా మేడంను పిల్వు" అన్నాడు. శాలువాలు మధ్యలో ఎక్కడినుంచి ఊడిపడ్డాయో నాకు అర్థం కాలేదు. కానీ ఆయన అంత ధీమాగా అనేసరికి, ఆ మాట ఫెసిలిటేటరో ఫెలిసిటేటరో నాకే అనుమానం వచ్చింది. పైగా ఒప్పుకున్న మనిషికి వివరంగా చెప్పి చెడగొట్టుకోవడం తెలివైన పని కాదని మా లెక్చరరు చెప్పినట్టు లీలగా గుర్తు (చెప్పలేదేమో కూడా).

హైదరాబాద్ మేడం వర్క్‌షాపుకు ముందే మూడుసార్లు ఫోన్ చేసింది. ఇంత చిన్న పనికి ఇన్ని ప్రశ్నలేమిటని విసుక్కున్నాను. అసలు పనంతా ఆ ప్రశ్నల్లోనే ఉందని అప్పుడు నాకేం తెలుసు? "ఆ రోజు సాయంత్రం మీవాళ్లు ఏ విషయం తేల్చుకుని ఇంటికి వెళ్లాలి?" అని అడిగింది. "అందరూ హ్యాపీగా వెళ్లాలి మేడం" అన్నాను. "సమస్య ఎక్కడుందని మీ ఉద్దేశం?" అంది. "కమ్యూనికేషన్ గ్యాప్ మేడం." "ఎవరికి ఎవరికి మధ్య?" "అందరికీ అందరికీ మధ్య." "ఆ అందరిలో మీరు కూడా ఉన్నారా?" అని అడిగింది. "నేను మేనేజర్‌ను మేడం" అన్నాను. అవతల కాసేపు మాట వినపడలేదు. మంజీర నది దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు, లైను కట్టయిందేమో అనుకున్నాను. పనివాళ్లలో ఒక్కొక్కరితో ముందే మాట్లాడాలంది; నేనున్నాను కదా, అవసరం లేదన్నాను. చివరగా తనకేం కావాలో మెసేజ్ పెట్టింది. కుర్చీలు గుండ్రంగా వేయాలి, స్టేజీ వద్దు, మైకు వద్దు, ఖాళీ గోడ ఒకటి కావాలి. దాన్ని చిన్న పటేలుకు చూపిస్తే ఆయన నా వంక జాలిగా చూశాడు. "స్టేజీ లేకుంట ప్రోగ్రామా? మనదే టెంట్ హౌసాయె! రేపు మెదక్ల ఎవలన్న జూస్తె మన ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు. స్టేజీకి సరేనన్నాను. పెద్ద పటేలు పురమాయించిన ఫ్లెక్సీ నమూనాను ప్రింటు చేసే అతను నా ఫోనుకు పంపాడు. అందులో పటేళ్లిద్దరి ఫోటోలూ పెద్దగా, నాది మూలకు తపాలా బిళ్లంత ఉంది. నా ఫోటో కొంచెం పెంచమని చెప్పి ఓకే పెట్టేశాను. మిగతా అక్షరాలు చదవలేదు.

ఆ రోజు పొద్దున్నే మేడం కారు ఊరి బయట ఫంక్షన్ హాలు ముందు ఆగింది. నలభై ఏళ్లుంటాయేమో, నూలు చీర, భుజానికి పెద్ద సంచి, చంకలో చుట్టిన చార్టులు. గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. 'ప్రముఖ ఫెలిసిటేటర్ మేడం గారికి స్వాగతం సుస్వాగతం.' ఆమె దాన్ని ఒకటికి రెండుసార్లు చదివింది. నా వంక తిరిగి చూసింది. నేను ఆకాశం వంక చూశాను. లోపల ఎర్ర తివాచీ, పూల స్టేజీ, దాని మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే బంగారు రంగు సోఫా, నాలుగు స్పీకర్ల మైకు సెట్టు, వెండి రంగు పళ్లెంలో దొంతరగా పేర్చిన శాలువాలు. నలభై మంది పనివాళ్లు తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వరసల్లో కూర్చున్నారు. రోజూ ఊళ్లవాళ్ల సన్మానాలకు కుర్చీలు మోసే మనుషులు, ఇవాళ తమకేనట అని తెలిసి వచ్చినవాళ్లు. వాళ్ల మొహాల్లో ఆ వెలుగు చూశాక, ఏం తప్పు చేశానో నాకు మొదటిసారి తోచింది.

మేడం మాత్రం తొణకలేదు. అందరినీ లేపి కుర్చీలు గుండ్రంగా వేయించింది. అక్కడ వచ్చింది చిక్కు. గుండ్రంగా కూర్చుంటే పటేలు పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. పటేలుకు సమానంగా కుర్చీ వేసుకుని కూర్చోవడం మావాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఒకడు నీళ్లు తాగి వస్తానని లేచి, వస్తూ వస్తూ కుర్చీని అడుగు వెనక్కి జరిపాడు. పక్కవాడు అతని వెనక్కి జరిగాడు. పావుగంటలో ఆ గుండ్రం మళ్లీ నాలుగు వరసలైపోయింది, ముందు వరసలో పటేళ్లిద్దరే మిగిలారు. తర్వాత రంగు రంగుల చిన్న కాగితాలు పంచి, పనిలో మీకు ఏది ఇబ్బందిగా ఉందో రాయమంది, పేరు రాయనక్కర్లేదంది. చదువొచ్చినవాళ్లు రాని వాళ్లకు కూడా రాసిపెట్టారు. ఆమె వాటిని గోడకు అంటించి చదివితే, ముప్పై ఎనిమిదింటి మీద 'అంతా మంచిగుంది' అని ఉంది. ఒకదాని మీద 'పటేలు దేవుడు' అని ఉంది. మిగిలినదాని మీద ఎవరో తన పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి సంతకం కూడా పెట్టారు. ఇంతలో ఎవరో మేడంకు ఉక్కపోస్తుందని పెద్ద ఫ్యాన్ వేశారు. గోడ మీది కాగితాలు లేచి, మా 'అంతా మంచిగుంది' హాలంతా ఎగిరిపోయింది.

బగారన్నం భోజనాల దగ్గర లారీ డ్రైవరు మేడం దగ్గరకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "మేడం, గా సన్మానం ఎప్పుడు సురువైతది? మా ఇంటామె గూడ వస్తనంటుంది, ఫోటో దిగుదామని" అన్నాడు. మేడం విస్తరి మూసి, చెయ్యి కడుక్కుని, నన్ను పక్కకు పిలిచింది. "సన్మానం ఏంటి?" అని అడిగింది. చెప్పక తప్పలేదు. పటేలు ఏ మాట విన్నాడో, నేను ఏ మాట సరిదిద్దలేదో, ఫ్లెక్సీ చదవకుండా ఎలా ఓకే పెట్టానో అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఈ వర్క్‌షాపు ఇలా ముగిస్తే నా పని అయిపోయినట్టేనని, ఏమైనా చేయమని కూడా అడిగాను. ఆమె కాసేపు స్టేజీ వంక చూసింది. "మీ దగ్గర సన్మానం చేయించుకున్న మనిషి ఏం చేస్తాడు?" అంది. "రెండు ముక్కలు మాట్లాడతడు మేడం. మాట్లాడకుంటె బాగుండదు." "అతను మాట్లాడుతుంటే మధ్యలో ఎవరైనా అడ్డం వస్తారా?" "అబ్బే, శాలువా ఉన్న మనిషికి ఎవలు అడ్డమొస్తరు?" ఆమె చార్టులన్నీ చుట్టి సంచిలో పెట్టేసింది. "అయితే మైకు ఆన్ చేయించండి. శాలువాల పళ్లెం మీరే పట్టుకోండి" అంది.

అలా మధ్యాహ్నం నుంచి మా వర్క్‌షాపు సన్మానసభ అయింది. మేడం ఒకే ఒక నియమం పెట్టింది. శాలువా కప్పించుకున్నవాళ్లు, పనిలో తాము చూసిన ఒక ఇబ్బంది చెప్పాకే దిగాలి. వాళ్లు దిగేదాకా పటేళ్లు కూడా మాట్లాడకూడదు. నేను ఒక్కొక్క శాలువా అందించడం, ఆమె కప్పడం, మావాడు మైకు పట్టుకోవడం. ముందు ఇద్దరు ముగ్గురు దండాలు పెట్టి దిగబోతే ఆమె నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టింది. దాంతో లారీ డ్రైవరు టైరు అరిగి నాలుగు నెలలైందన్నాడు. ఇంకొకడు పెళ్లివాళ్లింట్లో మాకు అన్నం అందరికంటే చివర్న పెడతారన్నాడు. పొద్దున్నుంచి రంగు కాగితాల మీద రాని మాటలు శాలువా కింద నుంచి ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది. చిన్న పటేలు రెండుసార్లు లేవబోయి మేడం వంక చూసి కూర్చున్నాడు. నేను పళ్లెం పట్టుకుని, నా ఆలోచన ఎంత గొప్పదో చూశారా అన్నట్టు నిలబడ్డాను. చివరగా మేడం గోదాం తాతను పిలిచింది.

తాత స్టేజీ ఎక్కి, సోఫాలో కూర్చోమంటే కూర్చోలేదు. శాలువాను రెండు చేతులా సర్దుకున్నాడు. "అందరికి దండాలు. ముప్పయేండ్ల సంది నన్నెవలడుగలే, నేను జెప్పలే. ఇయ్యాల గింత పెద్ద శాలువా గప్పిండ్రు. ఇగ జెప్పకుంటె ఊకెనె తీస్కున్నట్టయితది" అన్నాడు. మైకు కీచుమంటే కాస్త దూరం జరిపాడు. "పెద్ద పటేలు మంచోడు. చిన్న పటేలు మంచోడు. లగ్గాలకు లారీలు తప్పుతున్నయంటె ఆళ్లిద్దరి తప్పు లేదు. మేనేజర్ సారు గూడ మంచోడే, మస్తు సదువుకున్నడు. గాని ఆయన కంప్యూటర్ల 'తెల్లారితే' లేదు."

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం బీరువాలోని నోటుబుక్కు కళ్ల ముందు మెదిలింది. "పెద్ద పటేలు పొద్దుగాల నోటుబుక్కు సదివేటోడు. శుక్రారం తెల్లారితే శనారం, కౌడిపల్లి అని. నేనేమనుకుందు? లగ్గం శుక్రారం రాత్రన్నట్టు. శుక్రారం పొద్దుగాల్నె లారీ ఎల్లాలె. మాపటికల్ల టెంటు లెవ్వాలె. రాత్రి తిండ్లు, తెల్లారుజామున పుస్తె కట్టుడు. ఇప్పుడు గా నోటుబుక్కు బీరువల ఉన్నది. కంప్యూటర్ల ఉత్త శనారం అని ఉన్నది. శనారం పొద్దుగాల లారీ వోతె ఆడ ఏముంటది? ఎంగిలి విస్తరాకులుంటయి" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. తాత నవ్వలేదు. "పగటి లగ్గాలకు లారీ ఎన్నడు తప్పలే, రాత్రి లగ్గాలకే తప్పుతుంది. రెండుసార్లు సారుకు జెప్పవోయిన. 'తాతా, వాట్సాప్ సూసుకోండ్రి' అన్నడు. నాకు ఫోన్ లేదాయె." అంతే అని దండం పెట్టి, మెట్లు చూసుకుంటూ దిగిపోయాడు.

పాపన్నపేటలో పుట్టి పెరిగినవాడికి తెల్లారితే శనివారం అంటే ఏమిటో తెలియదా అని మీరు అడగొచ్చు. ఎందుకు తెలియదు! అలాంటి పెళ్లిళ్లకు శుక్రవారం సాయంత్రమే వెళ్లి, కడుపునిండా తిని, తెల్లవారుజామున అక్షింతలు వేసి వచ్చినవాణ్ణే. మా ఇళ్లలో పొద్దు పొడిస్తేనే కొత్త రోజు. కానీ కంప్యూటర్ ముందు కూర్చోగానే నేను పాపన్నపేటవాణ్ణి కాదు, ఎంబీఏవాణ్ణి. అర్ధరాత్రి దాటితే రోజు మారుతుందని గడియారం చెబుతుంది, ఆ తేదీ గడిలో ఒక్క తేదీయే పడుతుంది. 'శుక్రారం తెల్లారితే శనారం' అని పెళ్లివాళ్లు నోరారా చెప్పిన మాటలో మొదటి రెండు మాటలూ నేనే చెరిపేసి, చివరిది ఉంచాను. నెలరోజులుగా అన్నదమ్ములు నా పుణ్యమా అని ఒకరినొకరు తిట్టుకున్నారు. వాళ్లకు రాజీ చేయించడానికి హైదరాబాద్ నుంచి మనిషిని తెచ్చిన ఘనుణ్ణి కూడా నేనే. సిగ్గుతో పళ్లెం కిందపెట్టి ఎటైనా పోదామనుకున్నాను. అందులో ఇంకో శాలువా మిగిలి ఉంది.

"మేనేజర్‌కు గూడ గప్పుండ్రి మేడం" అన్నాడు పెద్ద పటేలు, కూర్చున్న చోటి నుంచే. ఆ గొంతులో ఏముందో తెలియలేదు. మావైపు కొత్తగా వచ్చినవాడికీ శాలువా కప్పుతారు, సెలవిచ్చి పంపేవాడికీ కప్పుతారు. ఇది ఏ శాలువానో నాకు తెలియదు. మేడం కప్పింది. మైకు చేతికిచ్చింది. నా జేబులో ముందురోజే రాసుకున్న వందన సమర్పణ కాగితం ఉంది, అందులో మూడుచోట్ల నా ప్రస్తావన కూడా ఉంది. తీయలేదు. నలభై మంది నన్నే చూస్తున్నారు. తాత చుట్ట కోసం జేబు తడుముకుంటున్నాడు. ఏదేదో చెబుదామని నోరు తెరిస్తే రెండే మాటలు వచ్చాయి. "తప్పు నాదే" అన్నాను.

హాలంతా చప్పట్లు మోగాయి. నన్ను మెచ్చుకుని కాదు లెండి. శాలువా కప్పుకున్న మనిషి మాట ఆపితే చప్పట్లు కొట్టడం మావాళ్లకు అలవాటు. మైకు సెట్టు అతనైతే ఇంకాస్త అలవాటు కొద్దీ పెళ్లి సన్నాయి రికార్డు పెట్టేశాడు. అంత పెద్ద చప్పట్లు నాకు జీవితంలో మళ్లీ పడలేదు. స్టేజీ దిగి పెద్ద పటేలు ముందు నిలబడి, "నేను పోవాల్నా పటేలా?" అని అడిగాను. "యాడికి?" అన్నాడాయన. "సోమారం సంది నోటుబుక్కు సదువుడు మల్ల సురువు. నా కండ్లు సక్కగ కనవడ్తలెవ్వు. సదివేది నువ్వే. తాత ఊఁ కొట్టందే ముంగటి లైనుకు పోకు." చిన్న పటేలు వచ్చి అన్న పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, టైర్ల సంగతి ఎత్తాడు. ఆ కుర్చీ పొద్దుటినుంచీ ఖాళీగానే ఉంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, శాలువా అంచుతో తుడుచుకున్నాను. (కొత్త శాలువాలు నీళ్లు పీల్చవు.)

మేడంను కారు దాకా దింపుతూ ఫ్లెక్సీ సంగతి క్షమించమని అడిగాను. ఆమె ఫోన్ తీసి దాని ఫోటో తీసుకుంది. "నేను ఏం పని చేస్తానో మా అమ్మకు ఇన్నేళ్లుగా అర్థం కాలేదు. ఇది చూపిస్తే అర్థమవుతుంది" అంది. నాకు ఇంకో రెండేళ్లు ఆ టెంట్ హౌస్‌లోనే గడిచాయి. షీటులో ఐదో గడి ఒకటి చేర్చాను, దాని పేరు 'తెల్లారితే'. ఆ తర్వాత ఒక్క లారీ తప్పలేదు. తాత గడప మీద కూర్చుని "ఊఁ" అనడం నేర్పినంత పని నాకు ఏ కాలేజీ నేర్పలేదు. ఆయన ఊఁ అనకుండా చుట్ట తీసి నా వంక చూశాడంటే ఎక్కడో తప్పు రాశానన్నమాట.

ఇప్పుడు హైదరాబాదులో సరుకులు చేరవేసే ఒక కంపెనీలో పని చేస్తున్నాను. నా కింద చాలామంది ఉన్నారు. ఏడాదికొకసారి ఫెసిలిటేటర్‌ను పిలిచి వర్క్‌షాపు పెట్టిస్తుంటాం. కుర్చీలు చక్కగా గుండ్రంగా ఉంటాయి, ఎవరూ వెనక్కి జరగరు, కాగితాలు ఎగరకుండా ఏసీ ఉంటుంది. మొన్న జరిగినప్పుడు, ఆ నెలలో తప్పుదారి పట్టిన ఒక పెద్ద లోడు సంగతి చర్చకు వచ్చింది. అది ఎవరివల్ల తప్పిందో గదిలో ఇద్దరికే తెలుసు. ఒకడు నా కింద పనిచేసే కుర్రాడు, వాడు బల్ల వంక చూస్తున్నాడు. రెండోవాణ్ణి నేను, ఎందుకంటే తప్పుడు అడ్రసు ఇచ్చింది నేనే. "ఎవరు మొదలుపెడతారు?" అని అడిగాడు ఫెసిలిటేటర్. నేను ఫోన్ వచ్చినట్టు లేచి బయటికి వచ్చేశాను. మోగని ఫోన్‌ను చెవికి ఆనించుకుని వరండాలో నిలబడితే, మెదక్ స్టేజీ మీద నిలబడిన ఆ తలపొగరు కుర్రాడు గుర్తొచ్చాడు. వాడికి ఏమీ తెలియదు, అయినా ఆ రెండు మాటలూ వాడు అనగలిగాడు. నవ్వొచ్చింది, నా మీద జాలి కూడా వేసింది. సరే, ఇవాళైనా అనేద్దామని గొంతు సవరించుకుని తలుపు తోశాను. అప్పటికే ఆ చర్చ ముగించి, అందరికీ టీ ఇచ్చేశారు.